విస్తరిపై చేయి అడ్డుపెట్టిన తల్లి

నల్లమల అంచున కొర్రలకోన గుహలో కొలువైన మితాన్నేశ్వరీదేవిని భక్తులు ముద్దుగా చాలమ్మ అని పిలుచుకుంటారు. ఈ అమ్మవారి చేతిలో శూలం లేదు, తామరపువ్వూ లేదు. పద్మాసనంలో కూర్చుని, ఎదుట ఉన్న విస్తరిపై కుడిచేయి అడ్డుపెట్టి చిరునవ్వుతో దర్శనమిస్తుంది.

పూర్వం ఈ కోన దిగువన నాగసానమ్మ అనే ఇల్లాలు ఉండేది. వంటలో ఆమెది అమృతహస్తం. వడ్డనకు దిగితే మాత్రం ఎవరి మాటా వినేది కాదు, వద్దన్నకొద్దీ వడ్డించేది. ఆమె భర్త తిప్పన్న ఆయాసంతో మంచం పట్టాడు. నీరసం కాబోలనుకుని ఆ పిచ్చి ఇల్లాలు మరో గరిటె నెయ్యి పోసేది. ఎంత పెట్టినా మనిషి దక్కేలా లేడని ఆమెకు దిగులు పట్టుకుంది.

ఆ రోజుల్లో ఈ గుహలో ఒక యోగిని తపస్సు చేసుకునేది. ఆమె ఆశీస్సు కోసం నాగసానమ్మ పూర్ణం నింపిన ఓళిగలు, చిత్రాన్నం గంపకెత్తుకుని కొండెక్కింది. యోగిని నాలుగు ముద్దలు తిని, విస్తరిపై చేయి అడ్డుపెట్టింది.

"నామీద ఒట్టు తల్లీ, ఇంగొక్క ఓళిగ!" అని నాగసానమ్మ బతిమాలింది.

"ఆకలి తినేవాళ్లదమ్మా, వడ్డించేవాళ్లది కాదు. సగం కడుపు అన్నానికి, పావు నీళ్లకు, మిగిలింది గాలికి వదలాల" అని యోగిని నవ్వింది.

నాగసానమ్మ మనసు చివుక్కుమంది. మూతి ముడుచుకునే ఇల్లు చేరి భర్తకు వడ్డించింది. తిప్పన్న చేయి విస్తరి మీదికి రాబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి పోయింది. పెళ్లైన కొత్తలో ఆ వేళ్ల సందుల్లోంచే వడ్డించి, ఆ చేతికి వద్దనడం మాన్పించింది తానేనని ఆమెకప్పుడు తట్టింది. గరిటె దించి బావురుమంది.

మర్నాటి నుంచి ఆ ఇంట కొర్రన్నం, పెసరపప్పు, పొట్లకాయ కూర. ఆమె నెమ్మదైన మనసుతో వండి, ఒక్కసారే వడ్డించి పక్కన కూర్చునేది. చేయి ఊరుకోక కొంగు మెలిపెట్టుకునేది. ఆ నిగ్రహం ఏ తపస్సుకూ తీసిపోదు.

కొన్నాళ్లకు తిప్పన్న పొలం చుట్టి వచ్చి గడపలో నిలబడ్డాడు. "ఆకలైతాంది మే, నాగసానీ!" అన్నాడు. కాపురానికి వచ్చాక ఆ మాట ఆమె వినడం అదే మొదలు.

దంపతులు సంతోషంతో కొండెక్కేసరికి యోగిని లేదు. ఆమె కూర్చున్న చోట రాతిలో ఈ రూపం వెలసి ఉంది.

నేటికీ ఇక్కడ కొర్రన్నమే ప్రసాదం. భక్తులు విస్తరిపై చేయి అడ్డుపెడితే, వడ్డించేవారు గరిటె దించి ఆ చేతికి నమస్కరిస్తారు. ఇంట్లో మంచం పట్టినవారి కోసం వచ్చే ఇల్లాళ్లు తమ గరిటెను అమ్మ పాదాల చెంత ఉంచి, ఒక్క వరమే అడుగుతారు: "మా వాళ్లకు ఆకలినియ్యి తల్లీ."