గవరమ్మ కేక

అనగనగా ఒక కందిచేను, పిల్లలూ. ఆ చేలో ఒక కందిమొక్క, దాని వేళ్ల మీద చిన్న చిన్న జీవులు. బాక్టీరియా అంటారు వాటిని. కంటికి కనిపించవు కదా అని చిన్నచూపు చూడకండి. కందిమొక్క వాటికి వేళ్ల నుంచి తీపినీళ్లు పోసేది. అవి బూజును చంపే చేదుమందు కాచి మొక్కను కాపాడేవి.

మందు కాచడానికి వాటికో ఆచారం ఉండేది. రోజూ పొద్దుగూకే వేళ ప్రతి ఇంటివాళ్లూ ఒక కేక వేయాలి. బూజు వచ్చిన నాడు, నలువైపులా కేకలు నిండుగా వినిపిస్తేనే పొయ్యి వెలిగించాలి. ఒంటరిగా కాస్తే మందూ చాలదు, కాచినవాళ్లకు ఒంట్లో సత్తువా మిగలదు.

గవరమ్మ ఆ వేళ్ల మీదే పుట్టి ముసలిదైంది. చిన్నప్పటి సాయంత్రాలు తలుచుకుంటే ఆమె గుండె నిండిపోయేది. ఈ కొస నుంచి కేక, ఆ కొస నుంచి బదులు. అవి వింటూ నిద్రపోతే భయమన్నదే ఉండేది కాదు.

తల్లివేరు మీద ఆమె పక్కింట్లోనే కాపురమున్న పడుచువాడు పైడిరాజుకు ఇదంతా చాదస్తం.

"ఏటి మామ్మా, బూజు మొహం చూసి ఎన్నాళ్లయింది? ఆ సత్తువేదో దాచుకుంటే ఇల్లు పెరుగుద్ది కదా," అన్నాడు.

"బూజు కోసమే కాదురా నాయనా. మనం ఉన్నామని మనకి తెలియాలి కదా," అంది గవరమ్మ.

పైడిరాజు వింటేనా? కేక మానేశాడు. నిజంగానే అతని ఇల్లు పిల్లాపాపలతో నిండిపోయింది. అది చూసి పక్కవాళ్లు మానేశారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. చివరికి సన్నవేరు మీద కాపురాలున్న గవరమ్మ కూతుళ్లు తప్ప ఆమెకు బదులిచ్చేవాళ్లే లేకపోయారు. అయినా ఆమె ఏ సాయంత్రమూ తప్పలేదు.

ఆ ఏడు ముసురు పట్టింది. తడిమట్టిలో పాకుతూ బూజు తల్లివేరు దాకా వచ్చేసింది. గవరమ్మ గట్టిగా కేక వేసింది. తల్లివేరు మీంచి ఒక్క బదులూ రాలేదు. మళ్లీ వేసింది. మూడోసారి వేసేసరికి పైడిరాజు పరుగున వచ్చాడు.

"మామ్మా, కేకేద్దామంటే గొంతు పెగలట్లేదు," అన్నాడు.

అతని పిల్లలకైతే కేక అంటే ఏమిటో కూడా తెలియదు. అంతమంది ఉండి ఒక్క పొయ్యీ వెలగలేదు.

"సన్నవేరు మీద మా కూతుళ్లున్నారు. పిల్లల్ని తీసుకుని నా వెంట రా," అంది గవరమ్మ.

అక్కడ కేకలు కలిశాయి, పొయ్యిలు వెలిగాయి. కానీ కాచిన మందు ఆ ఒక్క వేరుకే సరిపోయింది. తల్లివేరు నల్లబడిపోయింది. మొక్కంతా ఎండి, ఒక్క కొమ్మ మాత్రం పచ్చగా నిలిచింది.

ముసురు వెలిసిన సాయంత్రం గవరమ్మ మళ్లీ కేక వేసింది. పాత రోజులు తిరిగి రావని ఆమెకు తెలుసు. కూతుళ్లు బదులిచ్చారు. ఆ తరువాత పక్కనుంచే బొంగురు కేక ఒకటి మొదలై సగంలో తెగిపోయింది.

గవరమ్మ కళ్లు తుడుచుకుంది. "మళ్లీ అనరా, పైడిరాజూ," అంది.

నీతి: ఆపద లేని రోజుల్లో ఒకరికొకరు పలకడం మానేస్తే, ఆపద వచ్చిన రోజున గొంతు పెగలదు.