కొండ వెనక చెలమకు సొంత బాట

కొండకు ముందువైపు అడవి ఎప్పుడూ సంతలా ఉంటుంది. జింకలు, కుందేళ్లు, అడవిపందులు, నెమళ్లు, వాటి తగాదాలు, వాటి పెళ్లిళ్లు. కొండకు వెనకవైపు మాత్రం ఒక ఎండిన వాగు, ఆ వాగు ఇసకలో ఒక చెలమ, ఆ చెలమ పక్కన బొరియలో పొలుసయ్య అనే అలుగు. అంతే. అలుగంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగాటి గోళ్లు, ఈడ్చుకు నడిచే బరువైన తోక, చీమల తిండి. ఎవరైనా కాస్త గట్టిగా పలకరిస్తే చాలు, బెదిరిపోయి ఉండలా చుట్టుకుపోతుంది. ఇలాంటివాడికి స్నేహితులు ఎక్కడ దొరుకుతారు చెప్పండి?

ఒకప్పుడు పెళ్లాం ఉండేది. ఆ చెలమ ఇద్దరూ కలిసి తవ్విందే. ఆమె పోయాక కూడా పొలుసయ్య పొద్దున్నే లేచి, పూడిన ఇసక తోడి, ఊట బాగుచేసి పెట్టేవాడు. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ముందువైపు కుంట ఎండి, అడవంతా నోళ్లు తెరుచుకు తిరుగుతోంది. ఇక్కడ ఇన్ని చల్లని నీళ్లు పెట్టుకుని పొలుసయ్య ఒక్కడే కూర్చున్నాడు. ఒక్కోసారి చెలమలోకి వంగి, "తిన్నావా?" అని తన నీడనే అడిగేవాడు. "ఆ, తిన్నాను" అని తనే చెప్పుకునేవాడు. ఎవరైనా ఒక్కరు వచ్చి, నాలుగు గుక్కలు తాగి, ఒక మాట మాట్లాడి పోతే చాలని అతని ఆశ. అంతకు మించి ఏమీ కోరలేదు.

ఆ అడవిలో నలుగురికీ ఏదన్నా తెలియాలంటే గోరింకల నెట్‌వర్క్ ఉంది. ఏ కొమ్మ మీద చూసినా వాళ్ల మనుషులే. "ఫలానా చోట ఇప్పపూలు రాలాయహో!" అని ఒక గోరింక అరిస్తే, మరో గోరింక అందుకుని, క్షణంలో అడవంతా ప్రకటన మోగిపోతుంది. అయితే ఎవరి కేక విని ఎవరొచ్చారో తెలియాలి కదా? అందుకని ప్రకటనకొక బాట ఉంటుంది, బాట మొదట్లో మెత్తటి బంకమట్టి పరిచి ఉంటుంది. వచ్చినవాళ్ల అడుగులు అందులో పడతాయి. ఆ బాటను వాళ్లు డొమైన్ అంటారు. మన ఊళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్లు కూడా అదే మాట వాడుతున్నారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో నాకు తెలియదు, నన్నడక్కండి.

పొలుసయ్య గుండె చిక్కబట్టుకుని కొండ దాటి వెళ్లి, గోరింకల పెద్దావిడ కూర్చున్న మద్దిచెట్టు కింద నిలబడ్డాడు.

"చెలమ గురించి కేక వేయిస్తే జనం వస్తారామ్మా?"

"వస్తారు గానీ, అందరూ వాడుకునే ఉమ్మడి బాట మీద పెడితే రారయ్యా. దాని మీద దొంగలు ఎక్కువైపోయారు. తేనె అని పిలిచి ఖాళీ పట్టు చూపించేవాడొకడు, పండ్లని పిలిచి ముళ్లకంపలోకి తోసేవాడొకడు. ఆ బాట పేరు చెబితేనే జింకలు పక్కకు తప్పుకుంటున్నాయి. నువ్వు సొంత బాట వేసుకో."

"వేసుకుంటే చాలా?"

"చాలదు, అప్రూవల్ కావాలి. బాట నీ పేరున ఉండాలి. చెప్పిన చోటికే పోవాలి. మేమిచ్చే గుర్తు మట్టిలో నీ గోటితో నువ్వే గీయాలి. మా కొంగగారు వచ్చి చూస్తారు. గుర్తు కనిపిస్తే బాట నీదని నమ్ముతాం. కనిపించకపోతే లేదు." ఆవిడ ముక్కుతో బెరడు మీద గుర్తు గీసి చూపించింది. రెండు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక వంకర గీత.

పొలుసయ్యకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాటి నుంచి నోటితో, గోళ్లతో మట్టి మోశాడు. రాళ్లు ఏరాడు. ముళ్లు తీశాడు. కొండ మలుపు నుంచి చెలమ దాకా చక్కటి బాట తీర్చి, మొదట్లో మట్టి పరిచి, నీళ్లు చిలకరించి, గుర్తు గీశాడు. గీసి, వెనుదిరిగి, సంతోషంగా ఇంటికి నడిచాడు. వచ్చేవాళ్లు కూర్చోవడానికి చెలమ పక్కన ఇసక కూడా చదును చేశాడు.

సాయంత్రం కొంగగారు వచ్చారు. ఒంటికాలి మీద నిలబడి చెప్పాల్సింది చెప్పడం ఆయన పద్ధతి.

"గుర్తు లేదు. రిజెక్ట్."

"పెట్టానండీ! నా చేత్తో పెట్టాను."

"నాకు కనిపించింది చెబుతాను. కనిపించనిది చెప్పను. ఎవరైనా చూశారా నువ్వు పెట్టడం?"

 చూడటానికి పొలుసయ్యకెవరున్నారు? పరుగున వెళ్లి చూస్తే నిజంగానే గుర్తు లేదు, మట్టి నున్నగా ఉంది. గాలి పని అనుకున్నాడు. మళ్లీ గీయబోతుంటే పొదలోంచి నక్క జంబయ్య ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఏం బావా, అప్రూవల్ కాలేదా?"

జీవితంలో అతన్ని బావా అని పిలిచినవాళ్లు లేరు. పొలుసయ్యకు కళ్లు చెమర్చాయి.

"గుర్తు నిలవడం లేదు బావా."

"నిలవదు మరి! ఆచారం తెలియకుండా గీస్తే ఎలా నిలుస్తుంది? గుర్తు గీశాక వెనక్కి తిరిగి చూడకూడదు. గీశావా, గిరుక్కున తిరిగావా, తిన్నగా ఇంటికి పోవాలి. తిరిగి చూస్తే చెరిగిపోతుందట. గోరింకలు నీకు చెప్పలేదా?"

"చెప్పలేదే!"

"పెద్దవాళ్లు, ఎందుకు చెబుతారు? నాలాంటి వాడే చెప్పాలి."

పొలుసయ్య అలాగే చేశాడు. గీశాడు, గిరుక్కున తిరిగాడు, మెడ పట్టేసినవాడిలా వెనక్కి చూడకుండా పోయాడు. కొంగగారు వచ్చారు. రిజెక్ట్. ఇంకోసారి. ఇంకోసారి కూడా. చివరికి కొంగగారే విసుక్కున్నారు. "నువ్వు అబద్ధాలకోరువన్నా అయ్యుండాలి, మతిలేనివాడివన్నా అయ్యుండాలి" అని మొహం మీదే అనేశారు. పొలుసయ్య ఆ మట్టి పక్కనే కూర్చుండిపోయాడు. ఎవరో పగబట్టి చెరిపేస్తున్నారని మొదట అనుకున్నాడు. ఆ తర్వాత, నాతో మాట్లాడటానికి రానివాళ్లు నా మీద పగబట్టడానికి మాత్రం ఎందుకొస్తారు అనుకున్నాడు. ఆ ఆలోచన అతన్ని మరీ కుంగదీసింది.

అప్పుడు జంబయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"నా మాట విను బావా. గట్టిగా నిలబడి మాట్లాడలేని వాళ్లకు వాళ్లు అప్రూవల్ ఇవ్వరు. బాట నా పేరున పెట్టు. గుర్తు నేను గీస్తాను."

"చెలమ నాది కదా బావా, బాట నీ పేరున ఎందుకు?"

"పేరులో ఏముంది? నీళ్లు నీవే, వచ్చేవాళ్లు నీ దగ్గరికే. నాకు మధ్యలో వచ్చేదేముంది? నీ మొహం చూడలేక చెబుతున్నాను. వద్దంటే మానెయ్."

నక్క లేచి పోబోయాడు. అతను కూడా వెళ్లిపోతాడన్న భయంతో పొలుసయ్య, "ఉండు బావా, నీ ఇష్టం" అనేశాడు. జంబయ్య గుర్తు గీశాడు. కొంగగారు చూశారు, బాట వెంట చెలమ దాకా నడిచారు, నీళ్లు రుచి చూశారు, "అప్రూవ్డ్" అన్నారు. ఆ పూటే అడవంతా మోగింది. "కొండ వెనక పొలుసయ్య చెలమహో! చల్లని నీళ్లహో!"

తన పేరు అన్ని నోళ్లలో వినడం పొలుసయ్యకు అదే మొదలు. ఒళ్లు తోముకున్నాడు. చెలమ ఒడ్డున నిటారుగా కూర్చున్నాడు. ఎవరొస్తే ఏమనాలో నేర్చుకున్నాడు. "రండి, రండి, ఎండన పడి వచ్చారు." పొద్దు వాలింది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. జంబయ్య మాత్రం వచ్చి, కాళ్లు చాపుకుని నీళ్లు తాగి, తల అడ్డంగా ఊపాడు.

"మట్టిలో అడుగులైతే పడుతున్నాయి బావా. మలుపు దాకా వస్తున్నారు. దూరం నుంచి నిన్ను చూసి, అమ్మో ఆ పొలుసులేంటి అని తిరిగిపోతున్నారు. నువ్వు కాస్త బొరియలోనే ఉండరాదూ?"

ఎంత పాపిష్టి మాటో చూడండి. పొలుసయ్య నమ్మాడు. తనంటే ఎవరికీ ఇష్టం లేదని ముందే నమ్ముకున్నవాడికి ఆ మాట నమ్మడం కష్టమా? బొరియలోకి పోయి పడుకున్నాడు. చెలమ కూడా తోడటం మానేశాడు.

అలా ఎన్నాళ్లుండేవాడో గానీ, ఒక మధ్యాహ్నం పైన రాతి మీద నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"ఓరి పాపాత్ముడా! బయటికి రా!"

ఆమె మసెమ్మ అనే ముసలి కొండముచ్చు. కోడళ్లతో పడక మంద వదిలేసి, రాళ్ల మీద ఒక్కతే తిరుగుతూ ఉంటుంది. పొలుసయ్య తల బయటపెట్టి, ఆమె కోపం చూసి, అలవాటు ప్రకారం ఉండ చుట్టుకున్నాడు.

"చుట్టుకుంటే వదులుతానా? నీ చెలమ పేరు విని దాహంతో వచ్చిన కుందేలు పిల్లను నక్కకు పెట్టావు కదరా! ఆ తల్లి ఏడుపు వినలేక వచ్చాను. నీళ్లు చూపించి ప్రాణాలు తీస్తావా?"

ఉండలోంచి సన్నగా గొంతు వచ్చింది. "ఇక్కడికెవరూ రాలేదక్కా. ఒక్కరు కూడా రాలేదు."

ఆ గొంతు వింటే ఎవరికీ అబద్ధమనిపించదు. మసెమ్మ రాయి దిగింది. "పద, చూద్దాం" అంది. ఇద్దరూ బాట పట్టుకు నడిచారు. మలుపు దగ్గర పొలుసయ్య ఆగిపోయాడు. తను తీర్చిన బాటకు కంప అడ్డం పడి ఉంది. దాని పక్కనుంచి కొత్త బాట ఒకటి చీలి, తిన్నగా జంబయ్య ఉండే ముళ్లగొందిలోకి దిగుతోంది. గొంది వాకిట్లో చిన్న ఎముకలున్నాయి.

పొలుసయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. "నా పేరు విని వచ్చిందక్కా. నా పేరు విని వచ్చింది."

మసెమ్మ అతన్ని పట్టి లేపింది. "ఏడిస్తే పిల్ల తిరిగొస్తుందా? ముందు ఈ బాట మూయించాలి. నీ బాట నీ పేరున పెట్టించాలి."

"నేను గీసిన గుర్తు నిలవదక్కా. నాకు రాసిపెట్టి లేదు."

"నిలవకపోవడమేంటి? నా కళ్ల ముందు గియ్, చూస్తా."

పొలుసయ్య గీశాడు. గిరుక్కున తిరిగాడు. మసెమ్మ నోరు తెరిచింది. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, నవ్వీ నవ్వీ దగ్గొచ్చి కూర్చుంది.

"ఓరి పిచ్చి నాయనా! నీ తోకేరా! నువ్వు తిరిగావా, నీ తోక చీపురులా తిరిగి గుర్తును ఊడ్చేసింది!"

పొలుసయ్య వెనక్కి తిరిగి చూశాడు. మట్టి నున్నగా ఉంది. వెనక్కి తిరిగి చూడొద్దని జంబయ్య ఎందుకన్నాడో అప్పుడు అర్థమైంది. పొదలోంచి మొదటి రోజే చూసి ఉంటాడు.

"ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదక్కా."

"చెప్పడానికి నీ వెనకాల ఎవరున్నారు?" అంది మసెమ్మ. అన్నాక ఆమె మొహం కూడా చిన్నబోయింది. ఆమె వెనక మాత్రం ఎవరున్నారు గనక?

మర్నాడు మసెమ్మ ముందు మద్దిచెట్టుకు పోయి గోరింకల పెద్దావిడ చెవిలో ఒక మాట వేసింది. తర్వాత గొంది పైనున్న కొమ్మెక్కి అరిచింది.

"జంబయ్యా, అదృష్టవంతుడివయ్యా! ఈ ఎండాకాలంలో నీ బాటలో పడినన్ని అడుగులు ఇంకెవరి బాటలోనూ పడలేదట. కొంగగారు అందరి ముందూ సన్మానం చేస్తారట. కాకపోతే ఆ అలుగు వచ్చి, బాట నాదే, సన్మానం నాదే అంటున్నాడు."

"వాడిదా?" నక్క గొందిలోంచి ఒక్క దూకు దూకాడు. "వాడి మొహానికి బాటొకటా?"

మలుపు దగ్గర అడవి సగం పోగయింది. కొంగగారు ఒంటికాలి మీద నిలబడ్డారు. పొలుసయ్య తల వంచుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

"ఈ బాట ఎవరిది?" అన్నారు కొంగగారు.

"నాది!" అన్నాడు జంబయ్య.

"ఇందులో ఈ అలుగుకు భాగమేమైనా ఉందా?"

"వెంట్రుకంత కూడా లేదండీ. గుర్తు గీసింది నేను. రోజూ చూసుకునేది నేను. మొదటి నుంచి చివరి దాకా అంతా నాదే. వీడు ఇటు తొంగి కూడా చూడలేదు. కావాలంటే ఒట్టేస్తా."

"అక్కర్లేదు" అని కొంగగారు కాలు దించి నడవడం మొదలుపెట్టారు. వెనకే జనం. కంప పక్కనుంచి చీలి, ముళ్లగొందిలోకి దిగి, ఎముకల దగ్గర ఆగారు.  జనంలోంచి కుందేలు తల్లి ఒక్కసారి మూలిగింది.

జంబయ్య నాలుక తడబడింది. "అంటే, బాట నాదే గానీ... ఈ చివర మాత్రం..."

"మొదటి నుంచి చివరి దాకా అన్నావు" అన్నారు కొంగగారు. "విన్నాం."

ఆ రోజు నుంచి జంబయ్య ఎక్కడ అడుగు పెడితే అక్కడ గోరింకలు అరిచేవాళ్లు. "నక్క వస్తోందహో! ఇటు రావద్దహో!" పైసా ఖర్చు లేని ప్రకటన. ఎలుక కూడా దొరకక, డొక్కలు అంటుకుపోయి, వాడు వాగు దాటి ఎటో పోయాడు.

పొలుసయ్య తన బాట తను తీర్చుకున్నాడు. మసెమ్మ వెనక నిలబడి, "ఎత్తు, ఎత్తు, తోకెత్తు!" అని అరుస్తుంటే గుర్తు గీశాడు. అప్రూవల్ వచ్చింది. గోరింకలు కేక వేశారు. ఎవరూ రాలేదు. ఆ చెలమ పేరు వింటేనే కుందేళ్లకు గుండె ఝల్లుమంటోంది మరి. నిన్నటి దాకా ప్రాణాలు మింగిన పేరును ఇవాళ ఎలా నమ్ముతారు? పొలుసయ్య ఎవరినీ తప్పుపట్టలేదు. ఇసక తోడి, నీళ్లు తేర్చి, కూర్చున్నాడు. మసెమ్మ రాతి మీద కూర్చుని పేలు చూసుకునేది. అప్పుడప్పుడు "తిన్నావా?" అనేది. ఆమె రాళ్ల మీదుగా వస్తుంది కాబట్టి మట్టిలో ఆమె అడుగులు పడవు. గోరింకల లెక్కలో ఆ చెలమకు వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

ఒక ఉదయం పొలుసయ్య బాట మొదటికి వెళ్లేసరికి మట్టిలో ఒక్క అడుగు కనిపించింది. కుందేలు అడుగు. వచ్చి, ఒక్క కాలు మోపి, ఆగి, తిరిగిపోయింది. ఏ కుందేలో అతనికి తెలుసు. చాలాసేపు దాని పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత మట్టి జోలికి పోకుండా, ముళ్లలోంచి చుట్టూ తిరిగి, నీళ్లు తేర్చడానికి చెలమ దగ్గరికి పోయాడు.

నీతి: తన వెనక ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు, తిరిగి చూడొద్దనేవాడిని కాదు, చూసి చెప్పేవాడిని దగ్గర ఉంచుకోవాలి.