వెచ్చటి గది వీబియమ్మ

కాళ్ళు దుప్పట్లోకి లాక్కోరా చిట్టీ, చలి. ఆఁ, విను మరి. అనగనగా ఒక ఊరు. మనది కాదులే, ఎప్పుడో వేల ఏళ్ళ కిందటి రోము రాజ్యంలోది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ కలిసి స్నానాలు చేసే పెద్ద స్నానశాల ఉండేది.

అందులో మూడు గదులు. ఒకటి చన్నీళ్ళది, ఒకటి వేడి ఆవిరిది, రెంటికీ మధ్య గోరువెచ్చటి గది. దాన్ని వాళ్ళ లాటిన్ భాషలో టెపిడారియం అనేవాళ్ళు. ఏదీ, అను? టె-పి-డా-రి-యం. భేష్! పక్కగది పొయ్యి వేడి నేల కిందనుంచి పాకి వచ్చి ఆ గదిని వెచ్చబెట్టేది. వేడిగదికి వెళ్ళేముందు కాసేపు, వచ్చాక కాసేపు అక్కడ కూర్చోవాలి. అదీ పద్ధతి.

ఆ గదిని చూసుకునేది వీబియమ్మ. చిన్నప్పటినుంచీ ఆవిడకి అదే పని, అదే ఇల్లు.

అప్పుడు గావియా అని కొత్త యజమానురాలు వచ్చింది. "ఇటు వేడీ కాదు, అటు చలీ కాదు, ఈ గది దండగ! మూడు రోజులు మూసి చూస్తా. ఎవరూ అడక్కపోతే పూలకొట్టు పెడతా. నువ్వు వెళ్ళిపోవచ్చు" అంది.

వీబియమ్మ తొణకలేదు. "చూడండమ్మగారూ, మీకే తెలుస్తుంది" అని, తాళంచెవి కొంగున ముడేసుకుని ఆ గుమ్మం దగ్గరే కూర్చుంది. వాళ్ళకీ కొంగుంటుందిలే, నవ్వకు.

మొదటి రోజు అందరూ పక్కదారిన అటూ ఇటూ తిరిగి, చకచకా స్నానాలు చేసి వెళ్ళిపోయారు. ఒక్కరూ గది ఊసెత్తలేదు. పాపం, వీబియమ్మకి ఆ పూట ముద్ద దిగలేదు.

రెండో రోజు రొట్టెలమ్మే ఆవిడ ఆవిరిలోంచి వచ్చి చన్నీళ్ళలో దిగి, కళ్ళు తిరిగి కూలబడింది. "ఖాళీ కడుపుతో వచ్చుంటుంది" అని గావియా కొట్టిపారేసింది.

మూడో రోజు, ఆ గది లేకుండా స్నానం ఎలా చెయ్యాలో అందరికీ చూపిద్దామని గావియానే బయల్దేరింది. ఆవిరిలో చెమటలు కక్కి, తిన్నగా వెళ్ళి చన్నీళ్ళలో బుడుంగున మునిగింది. అంతే! ఒళ్ళు కొయ్యబారింది. పళ్ళు టకటక. నోట మాట రాదు.

ఆ తర్వాత ఏమైందనుకున్నావ్? వీబియమ్మ ఒక్క ఉదుటున లేచింది. తాళం తీసి, గావియాని పొదివి పట్టుకుని, వెచ్చటి బల్ల మీద కూర్చోబెట్టి, అరికాళ్ళకి నూనె రాసింది. కాసేపటికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"ఇక తలుపు మూసెయ్యనా అమ్మగారూ?" అంది వీబియమ్మ, నవ్వాపుకుంటూ.

"మూసెయ్, చలిగాలి వస్తోంది! నన్ను మాత్రం లోపలే ఉండనీ. నువ్వూ ఉండు. రేపూ ఉండు, ఎప్పుడూ ఉండు" అంది గావియా.

చూశావా! నువ్వూ అంతేగా. గంతులాపి తిన్నగా నిద్రలోకి దూకమంటే దూకవు. మధ్యలో కాసేపు అమ్మమ్మ పక్క కావాలి.

కథేమో కంచికి,
వీబియమ్మ గదికి,
దుప్పటేమో నీ మెడకి,
నిద్దరేమో నీ కంటికి.