రాక్షసరాజు వేసుకోని మాత్ర

మాణిక్యాంబ గారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు అప్పటికప్పుడు దొరికేది కాదు. దొరికాక తప్పించుకునే వీలూ ఉండేది కాదు. రంగం మీద నిజంగా ఏడుపు రావాలంటే ఏం చెయ్యాలని ఒక అమ్మాయి అడిగితే, ఆ పిల్లని వారం రోజులు టిక్కెట్ల బల్ల దగ్గర కూర్చోబెట్టి, డేరా నిండిపోయాక వెనక్కి తిరిగిపోయేవాళ్ల మొహాలు చూస్తూ ఉండమంది. ఎనిమిదో రోజు ఆ పిల్ల ఏడిస్తే హార్మోనియం వాయించే పేరిశాస్త్రి శ్రుతి తప్పాడు. ఆవిడకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్లు మీసం పెట్టి రాజు వేషాలు కట్టింది. మగవాళ్లకు మగవాళ్ల నడక నేర్పిన ఆడది. ఆ నాటక సమాజంలో అందరూ ఆవిడను అమ్మా అనే పిలిచేవాళ్లు. ఆ పిలుపు చూసి గారాబం దొరుకుతుందనుకుని వెళ్లినవాడు మాత్రం చెవులు రెండూ ఎర్రగా చేసుకుని వచ్చేవాడు.

ఆవిడ తీర్చిదిద్దిన వాళ్లలో కొండలరాయుడిది రాక్షసరాజు వేషం. నలభై ఎనిమిదేళ్లవాడు, ఆరడుగుల మనిషి. మూడో అంకంలో రాక్షసరాజు కోటగుమ్మం మీంచి ఆకాశానికి లేచి, మబ్బుల మధ్య నిలబడి, గద తిప్పుతూ పద్యం పాడతాడు. జనం టిక్కెట్టు కొనేది ఆ ఒక్క పద్యానికే అంటే మిగతా నటులు నొచ్చుకుంటారు గాని, నిజం అదే. వేషం లోపల అతని నడుముకు తోలుపట్టీ ఉంటుంది. పట్టీకి సన్నని ఇనప తీగలు రెండు. అవి పైకి పోయి, దూలానికున్న గిలక దగ్గర ఒక తాడుగా మారి, పక్కతెర వెనక ఏసోబు చేతుల్లోకి దిగుతాయి. నల్లతెర ముందు తీగలు జనానికి కనబడవు. ఏసోబు అసలే కనబడడు.

కొండలరాయుడికి బీపీ ఉన్నట్టు బయటపడి రెండేళ్లయింది. డాక్టరమ్మ రెండు మాత్రలు రాసింది. అందులో ఒకటి ఒంట్లో నీరు తీసే మాత్ర. వేసుకున్న కాసేపటికి ఒంటేలుకు పరుగెత్తాలి. మామూలు మనిషికి అదేం పెద్ద కష్టం కాదు. రాక్షసరాజుకు కిరీటం, భుజకీర్తులు, ఛాతీకి బిగించిన అట్టకవచం, దాని కింద తోలుపట్టీ. విప్పాలంటే ఇద్దరు మనుషులు, ముప్పావుగంట. ఒకసారి కోట ముట్టడి మధ్యలో ఉగ్గబట్టుకుని నిలబడి, పద్యంలో ఒక పాదం మింగేశాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఆట ఉన్న రోజు రెండు మాత్రలూ మానెయ్యడం, ఆట లేని సోమ మంగళవారాలు బుద్ధిగా వేసుకోవడం. అలా రెండు రోజులు మాత్రలేసుకుని, కడుపునిండా నిద్రపోయి, మంగళవారం సాయంత్రం పోయి బీపీ చూపించుకునేవాడు. కార్డు మీద నూట ముప్ఫై ఆరు, ఎనభై నాలుగు అని రాసి ఇచ్చేవాళ్లు. ఆ కార్డు జేబులో పెట్టుకుని, లెక్కల్లో నూటికి నూరొచ్చిన బడిపిల్లాడిలాగా తిరిగేవాడు.

డేరా వేటపాలెంలో ఉన్నప్పుడు ఒక గురువారం సాయంత్రం నర్సమ్మ వచ్చింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి బీపీ చూస్తున్నారట, డేరావాళ్లదీ చూస్తానంది. కొండలరాయుడు అప్పటికి సగం రాక్షసుడు. మొహానికి ఎర్రరంగు, మీసం అతికి ఉంది, కిరీటం ఇంకా ఎక్కలేదు. భుజకీర్తి ఊడదీయించి, ఆవిడ చేతికి పట్టీ చుట్టింది. ఒకసారి చూసింది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసింది.

"నూట తొంభై, నూట పది," అంది. "మందు వేసుకుంటున్నారా?"

"అది నాది కాదు సిస్టర్," అన్నాడు కొండలరాయుడు, ఏ మాత్రం తొణకకుండా. "వేషానిది. మీసం పెట్టగానే నాకు రక్తం అలా లేస్తుంది. నాది కావాలంటే కార్డు చూడండి."

"అట్లాగా? అయితే వేషానికి విడిగా కార్డు రాయనా? పేరు రాక్షసరాజు, ఊరు పాతాళం." నర్సమ్మ పట్టీ విప్పుతూనే ఉంది. "రేపు పక్షవాతం వస్తే కాలూ చెయ్యీ పడిపోయేది మీసానికా అన్నా, నీకా?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మాణిక్యాంబ గారు నవ్వలేదు. ఆ పూట ఆట మార్చేసింది. రాక్షసుడు లేని నాటకం ఒకటి ఆడించింది. శుక్ర శని ఆదివారాలూ అదే. కొండలరాయుడిని ఆసుపత్రికి తోలి, రోజూ మాత్రలు తన కళ్లెదుట వేసుకునేలా చూసింది. పొద్దున టీతో పాటు తన బీపీ మాత్ర అందరి ముందూ గుటుక్కున మింగడం ఆవిడకు ఎప్పటినుంచో అలవాటు. ఇప్పుడా టీ దగ్గరికి ఇతన్నీ పిలిచేది. అతనికది ఉరికంబం ఎక్కినట్టుండేది. రాక్షసరాజు లేడా అని జనం టిక్కెట్ల బల్ల దగ్గర అడుగుతుంటే తెరచాటున నిలబడి విన్నాడు. పాతికేళ్లు కట్టిన వేషం. అది పోతే అతను ఊళ్లో ఆరడుగులున్న ఒక మనిషి, అంతే.

సోమవారం ఆసుపత్రిలో మళ్లీ చూశారు. నూట ముప్ఫై ఎనిమిది, ఎనభై ఆరు. మందు మానొద్దని, పని చేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. రెండో మాట మాత్రం గట్టిగా విని, కార్డు పట్టుకుని మాణిక్యాంబ గారి ముందు నిలబడ్డాడు.

"తగ్గిపోయిందమ్మా. ఎల్లుండి ఆటకు నాకు తాడు కట్టించండి."

"కట్టిస్తా."

"ఇంకొక్క మాట. తల తిరగదు, నెప్పి లేదు, చూపు బాగుంది. మీరంటే పెద్దవారు, వేసుకుంటారు. బాగున్నవాడికి మందెందుకమ్మా? ఒంటికి అలవాటైపోతే మరి మానలేమంటారు. ఇన్నాళ్లూ ఆట రోజుల్లో మానేశాను. ఏమయింది? ఏమీ కాలేదు."

ఆవిడ కిరీటానికి ఊడిన పూసలు కుడుతోంది. సూదిలో దారం అయిపోయేదాకా కుట్టి, "రేపు పదింటికి రా," అంది.

మంగళవారం పొద్దున పదింటికి డేరాలో జనం లేరు. ఖాళీ బెంచీలు, తెరల సందుల్లోంచి ఎండ. కొండలరాయుడికి లుంగీ మీదే తోలుపట్టీ కట్టారు. ఏసోబు తాడు పట్టాడు. పొట్టి మనిషి ఏసోబు. పంతొమ్మిదేళ్లుగా అదే మూల, అదే కొయ్యగుంజకు కాలు తన్నిపెట్టి నిలబడతాడు. అతని అరచేతులు చూసినవాళ్లకు చెప్పులు కుట్టే తోలు గుర్తొస్తుంది. కొండలరాయుడు లేచాడు. మెల్లగా, ఏనుగు నిద్ర లేచినంత దర్జాగా, రెండు నిలువుల ఎత్తుకు పోయి నిలిచాడు. నాలుగు రోజుల ఆకలి మీదున్నాడేమో, గద లేకపోయినా చెయ్యి తిప్పుతూ పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఖంగున మోగింది. వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

పద్యం అయ్యేదాకా ఆగి, మాణిక్యాంబ గారు పక్కతెర వైపు తిరిగింది.

"ఏసోబూ, చూశావా ఎంత నిలకడగా ఉన్నాడో. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా పడ్డాడా?"

"లేదమ్మా."

"మరి నీకెందుకు చేతులు కాయలు కాయించుకోవడం? వదిలెయ్. పోయి టీ తాగు."

ఏసోబు నవ్వాడు. ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు.

పైనుంచి కేక వచ్చింది. "అమ్మా! ఇదేంటమ్మా? ఒరేయ్ ఏసోబూ, వినబాకరా! వదలబాక!"

"నీకేం భయంరా కొండలూ? బాగానే ఉన్నావుగా. బాగున్నవాడికి తాడెందుకు? అలవాటైపోతే మరి మానలేవు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఏసోబూ, నీకే చెబుతున్నా. వదులు."

పైన రాక్షసరాజు రెండు చేతులతో తీగలు పట్టుకోబోయాడు. అవి సన్నగా ఉండి చేతికి దొరకలేదు. కింద బల్లచెక్కలు తప్ప ఇంకేం లేవు. ఒక పరుపైనా వెయ్యించలేదావిడ.

ఏసోబు పంతొమ్మిదేళ్లలో ఆవిడకు ఎదురు చెప్పి ఎరగడు. ఆవిడకే కాదు, ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత చోటు అతనికి ఎవరూ ఇవ్వలేదు. గుంజకు తన్నిపెట్టిన కాలు ఇంకాస్త బిగించి, తాడు ముంజేతికి మరో చుట్టు చుట్టాడు.

"వదలనమ్మా."

"నేను చెబుతున్నా."

"మీరు చెప్పినా సరే, ఎల్లగొట్టినా సరే." ఊపిరి తీసుకుని, పైకి ఒకసారి చూసి, ఆవిడ వైపు తిరిగాడు. "పడకపోవడం తన గొప్పే అనుకుంటాడేమో ఆయన. అది నా పనమ్మా. రోజూ చేస్తున్నా కాబట్టే ఎవరికీ కనపళ్లేదు."

పొట్టి ఏసోబు అప్పుడు ఎంత ఎత్తుగా కనబడ్డాడో ఆ డేరాలో ఉన్నవాళ్లని అడగాలి. మాణిక్యాంబ గారు తలపంకించింది. ఆవిడ మొహంలో గర్వం చూడటం చాలామందికి అదే మొదటిసారి. అదైనా ఒక క్షణం. "దించు," అంది.

ఏసోబు ఎప్పటిలాగే దించాడు. కొండలరాయుడి కాళ్లు చెక్కల మీద ఆనాయి. తోలుపట్టీ తనే విప్పుకుని, తాడు వైపు చూస్తూ అక్కడే కూర్చున్నాడు. పేరిశాస్త్రి మాత్రం ఉండబట్టలేక, "ఏసోబు నిజంగా వదిలేసుంటే అమ్మా?" అన్నాడు.

"వదిలేవాడైతే పంతొమ్మిదేళ్ల కిందటే పంపించేసేదాన్ని," అంది ఆవిడ.

అందరూ ఎవరి పని మీద వాళ్లు పోయాక అసలు సంగతి బయటికొచ్చింది. కొండలరాయుడు తలెత్తకుండా చెప్పాడు. నీళ్ల మాత్ర, అట్టకవచం, ముప్పావుగంట, మింగేసిన పద్యపాదం, అన్నీ. చెబుతుంటే ఆరడుగుల మనిషి మూడడుగులయ్యాడు.

"ఇది డాక్టరమ్మతో చెప్పావా?"

"ఆడమనిషితో ఎట్లా చెప్పనమ్మా?"

"ఓహో! వెయ్యి మంది ముందు పరాయి రాజు పెళ్లాన్ని ఎత్తుకుపోవడానికి లేదు సిగ్గు, ఒంటేలు సంగతి వైద్యం చేసే మనిషితో చెప్పడానికి వచ్చిందా? ఏం రాక్షసుడివిరా నువ్వు! నడు."

తనే వెంటపెట్టుకుని తీసుకుపోయింది. డాక్టరమ్మ అంతా విని, నవ్వలేదు, కసరలేదు. ఈ మాట మొదటి నెలలోనే చెప్పాల్సింది కదండీ అంది. ఆట ఎన్నింటికి, వేషం ఎప్పుడు కడతారు, నిద్ర లేచేది ఎప్పుడు అని వరసగా అడిగి రాసుకుంది. నీళ్ల మాత్ర తెల్లారి ఆరింటికే వేసుకోమంది. అయినా ఇబ్బందైతే తన దగ్గరికి రావాలని, మాత్రలు చాలా రకాలున్నాయని, మార్చి ఇస్తానని, సొంతంగా మాత్రం మానొద్దని చెప్పింది. నటుడు ఆరింటికి లేవడమా అని దారిలో అతను గొణిగాడు. మాణిక్యాంబ గారు చూసిన చూపుకు ఆ గొణుగుడు నోట్లోనే ఆగిపోయింది. డేరాకు రాగానే ఆవిడ అట్టకవచం తెప్పించుకుని, పక్కకుట్లు ఊడదీసి, రెండు లాగుడు ముళ్లతో విడిపోయేలా తన చేత్తో మళ్లీ కుట్టింది. ముప్పావుగంట పని మూడు నిమిషాలకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆ కవచం అలాగే కుడుతున్నారు. అందులో ఉన్న మనిషిని అడగాలని ఎవరికీ తోచలేదని ఆవిడ తననే తిట్టుకుంది. తప్పు తనదైతే ఇంకాస్త గట్టిగా తిట్టడం ఆవిడ పద్ధతి.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు డేరా నిండింది. మూడో అంకంలో రాక్షసరాజు ఆకాశానికి లేచాడు. ఆ రోజు పద్యం విన్నవాళ్లు అదృష్టవంతులు. ఒక్క పాదం పోలేదు. నాలుగో పాదం చివర రాగం అందుకుని ఎంతసేపు నిలిపాడంటే, ముందు వరసలో చంటిపిల్లల తల్లులు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆట చివర నటులంతా వరసగా నిలబడి దండం పెడుతుంటే, ఏసోబును కూడా రంగం మీదికి రమ్మని మాణిక్యాంబ గారు చేత్తో పిలిచింది. అతను కదల్లేదు. "తెర ఎవరు దించుతారమ్మా?" అన్నాడు.

రంగు కడుక్కుని, తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటూ కొండలరాయుడు ఆవిడ దగ్గరికి వచ్చాడు. చప్పట్లు ఇంకా అతని ఒంట్లోంచి దిగలేదు. నడకలో రాజు మిగిలే ఉన్నాడు. అయినా పట్టు వదలని మనిషి, ఆ ఒక్క ప్రశ్న కడుపులో ఉండిపోయింది.

"అడుగుతున్నానని కోప్పడకండమ్మా. ఈ మాత్రలు ఇంకెన్నాళ్లు?"

ఆవిడ అతని కళ్లలోకి చూసింది.

"నువ్వెన్నాళ్లు ఎగురుదామనుకుంటున్నావురా?"