నాలిక కింద నాలుగు మాత్రలు

కుంచెంపాలెంలో తెలివైనవాళ్ళు ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే, బెల్లం గానుగ పక్కనున్న పెంకుటిల్లు చూపించమని జోగులు ఊరందరికీ చెప్పి ఉంచాడు. ఆ ఇల్లు వాళ్ళదే. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించలేదు. అది వేరే సంగతి.

అన్నదమ్ములు ముగ్గురు. జోగులు పెద్దవాడు. తలలో ఉన్న తెలివి ఆవిరైపోతుందేమోనని తలపాగా చెవుల మీదుగా బిగించి కట్టేవాడు. రెండోవాడు బంగారయ్య. వాణ్ణి ఏదైనా ఆలోచించమంటే, "నిన్ననే ఆలోచించాను గదా, రోజూ వాడితే అరిగిపోదూ?" అనేవాడు. మూడోవాడు పెంటయ్య. అన్నలు ఏమన్నా సరే, "అదీ మాట!" అనేవాడు. ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. మనంత తెలివైన పిల్లలు దొరకొద్దూ అని జోగులు బెంగ.

ఈ ముగ్గుర్నీ పెంచింది పెద్దమ్మ నూకాలు. తల్లి పోయేనాటికి పెంటయ్యకి పళ్ళయినా రాలేదు. ఆనాటి నుంచీ తను సగం తిని, వీళ్ళకి కడుపునిండా పెట్టి పెద్దచేసింది. ఆవిడ తెలివీ ఆ ఇంటి తెలివే. ఇంటికొచ్చిన చుట్టం "వస్తానమ్మా" అని చెప్పి వెళ్ళిపోతే, "వస్తానన్నాడు గదా" అని వాకిట్లో కూర్చుని చీకటి పడేదాకా ఎదురుచూసేది.

శ్రావణమాసంలో ఒకనాడు పెద్ద వాన. పెరట్లో మేక తడిసిపోతోందని నూకాలు దాన్ని పట్టుకు రాబోయింది. మేక రాలేదు. ఆవిడ వదల్లేదు. ఇద్దరూ గంటసేపు తడిశారు. మేకకేం కాలేదు. నూకాలుకి మాత్రం మర్నాటికల్లా జలుబు, దగ్గు, ఒళ్ళు కాలిపోయే జొరం.

అంతే! జోగులు, బంగారయ్య బస్సెక్కి టౌనుకి పోయారు. అక్కడ కామేశం గారని ఓ హోమియో డాక్టరు. ముసలాయన, మంచివాడు. చిన్నచిన్న తెల్లటి తీపి మాత్రలిస్తాడు.

"ఇప్పుడు ఊరూరా తిరుగుతున్న వైరస్ జొరమయ్యా ఇది," అన్నాడాయన.

"తిరుగుతోందా బాబూ? మా ఇంటికెప్పుడొచ్చింది? తలుపు వేసే ఉంచామే!" అన్నాడు జోగులు.

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "దగ్గితే కఫం పడుతుందా?"

"పడదు బాబూ. మంచం గట్టిదే."

ఆయనింక ప్రశ్నలు మానేసి ఓ సీసా చేతిలో పెట్టాడు. "పూటకి నాలుగు మాత్రలు నాలిక కింద పెట్టాలి. చేత్తో ముట్టుకోకూడదు. ఉల్లిపాయల్ని దగ్గరికి రానివ్వకూడదు."

బంగారయ్య సీసా ఎత్తి చూశాడు. "ఇంతింత మాత్రలు ఏం పనిచేస్తాయి బాబూ?"

ఆ మాటకి డాక్టరుకి హుషారొచ్చింది. "అదేనయ్యా మా వైద్యంలో గొప్ప! మందుని ఎంత పల్చన చేస్తే అంత బలం అంటాం. ఏది జబ్బు తెచ్చిందో దాన్నే కాస్తంత ఇచ్చి జబ్బు పోగొడతాం. ముల్లుని ముల్లుతో తీసినట్టు." అంతలోనే ఆయన మొహం గంభీరంగా పెట్టాడు. "ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. జొరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, నా మాత్రలు పట్టుకుని కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ముసలి ప్రాణం, న్యుమోనియాలోకి దిగిందంటే కష్టం."

"దిగనివ్వం బాబూ," అని జోగులు మాటిచ్చాడు. న్యుమోనియా ఏ వైపున్న ఊరో వాడికి తెలీదు. అయినా పెద్దమ్మ బస్సెక్కితే గదా దిగేది!

ఇంటికొచ్చారు. చేత్తో ముట్టుకోకూడదు గనక పొయ్యి దగ్గరి పట్టకారు తెచ్చారు. నాలుగు మాత్రలు సీసాలోంచి తీసేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"పెద్దమ్మా, బోర్లా పడుకుని తల మంచం బయటికి పెట్టు. ఆఁ, నాలిక చాపు," అన్నాడు జోగులు.

నూకాలు నాలిక చాపింది. జోగులు వంగి, కన్ను మూసి గురిచూసి, సరిగ్గా ఆ నాలిక కింద, నేలమీద, నాలుగు మాత్రలూ వరసగా పెట్టాడు.

"ఉన్నాయా?" అంది నూకాలు నాలిక లోపలికి తీసుకోకుండానే.

"సూటిగా ఉన్నాయి పెద్దమ్మా, కదలకు!"

ఇంకేముంది, నల్లకోడి ఒకటి వచ్చి టకటకా నాలుగూ తినేసి పోయింది. ముగ్గురూ దాని వెంట పెరటంతా తిరిగారు. సాయంత్రానికి బంగారయ్య సంతోషంగా వచ్చాడు.

"అన్నయ్యా, మందు భలే మందు! అప్పట్నించీ చూస్తున్నాను. కోడి ఒక్కసారి కూడా దగ్గలేదు."

"అదీ మాట!" అన్నాడు పెంటయ్య. వాడు వంటింటి గుమ్మంలో కర్ర పట్టుకుని, తట్టలో ఉల్లిపాయలకి కాపలా కాస్తున్నాడు.

"ఏరా, దగ్గరికి రాబోయాయా?" అన్నాడు జోగులు.

"ఒకటి దొర్లింది. ఒక్కటిచ్చాను. మిగతావి బుద్ధిగా ఉన్నాయి."

కోడి బాగానే ఉంది గాని నూకాలు దగ్గు ఎక్కువైంది. జోగులు తలపాగా ఇంకాస్త బిగించి ఆలోచించాడు. ఎంత పల్చన చేస్తే అంత బలం అన్నాడు గదా డాక్టరు! అయితే లోటాలో ఎందుకు కలపాలి? బెల్లం వండే పెద్ద పెనం ఉండగా!

అంతే! ముగ్గురూ మర్నాడు బావి నుంచి పెనానికి, పెనం నుంచి బావికి పరుగులు. నూట ఇరవై బిందెలు పోశారు. పెనం నిండింది. పట్టకారుతో నాలుగు మాత్రలు వేశారు.

"ఇంకా పల్చన చెయ్యాలంటే?" అన్నాడు బంగారయ్య.

"కాలవ ఉంది గదా," అన్నాడు జోగులు.

గడ్డపారలు పెట్టి పెనాన్ని కాలవలోకి ఒంచేశారు. మందు కాలవలో పడి గలగలా పారిపోతోంది. "అన్నయ్యా, మందు పోతోంది!" అని పెంటయ్య గట్టెంట పరిగెత్తాడు. జోగులు మాత్రం చెక్కు చెదరలేదు. "పోనీరా. కాలవ ఏట్లో కలుస్తుంది, ఏరు సముద్రంలో కలుస్తుంది. ఎంత దూరం పోతే అంత బలం. బంగారయ్యా, నువ్వు ఓ ఖాళీ సీసా పట్టుకుని సముద్రం దగ్గరికి పో. మందు వచ్చేదాకా ఆగి, పట్టుకురా."

బంగారయ్య పోయాడు. మర్నాడు పొద్దున్నే నిండు సీసాతో వచ్చాడు. నూకాలు ఒక్క గుక్క తాగి, "థూ! ఇదేంట్రా, గొంతు మండిపోతోంది!" అంది.

"చూశావా బలం!" అన్నాడు జోగులు.

"అదీ మాట!" అన్నాడు పెంటయ్య.

ఆ బలానికి నూకాలు తిన్న రెండు గరిటెల జావా కక్కేసింది. ఇక మిగిలింది ముల్లు. పెద్దమ్మకి జబ్బు తెచ్చింది ఏది? వాన. అయితే వాననే ఇవ్వాలి. బయట చూస్తే మాడ్చేసే ఎండ.

"మనమే కురిపిద్దాం. కాస్తంతే సుమా, డాక్టరు కాస్తంత అన్నాడు," అన్నాడు జోగులు.

మంచాన్ని పెరట్లో వేశారు. జోగులు నిచ్చెనెక్కి జల్లెడలో నీళ్ళు పోస్తున్నాడు. పెంటయ్య పళ్ళెం కొట్టి ఉరుముతున్నాడు. బంగారయ్య మేకని తెచ్చి నిలబెట్టాడు.

"అప్పుడు మేకని తిట్టానురా," అంది నూకాలు వణుకుతూ.

"అయితే తిట్టు పెద్దమ్మా, ఏదీ తగ్గకూడదు!"

ఆవిడ పాపం దగ్గుకీ దగ్గుకీ మధ్య మేకని కూడా తిట్టింది.

మర్నాటికి నూకాలు లేవలేదు. ఊపిరి కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. రాత్రంతా మేల్కొని ఉన్న జోగులు ఆ మొహం చూసి మంచం పక్కన చతికిలబడ్డాడు. చిన్నప్పుడు వాడికి ఆటలమ్మ పోసినప్పుడు ఈవిడే గదా పదకొండు రోజులు వేపమండ పట్టుకుని పక్కన కూర్చుంది!

"ఒరే జోగులూ... గాలి లోపలికి రావట్లేదురా..."

పెంటయ్య పరిగెత్తి దొడ్డి తలుపు బార్లా తీశాడు. "తీశాను పెద్దమ్మా, ఇంక వస్తుంది!"

రాలేదు.

"ఆయాసం!" అన్నాడు జోగులు. "ఆయాసం వస్తే ఏం చెయ్యమన్నాడు డాక్టరు? మాత్రలు పట్టుకుని కూర్చోవద్దన్నాడు!"

అంతే! ముగ్గురూ గభాల్న లేచి, సీసా పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి పెంటయ్య కాళ్ళు లాగుతున్నాయని గోడకి ఆనుకోబోతే బంగారయ్య వాడి చెవి పట్టుకుని నిటారుగా నిలబెట్టాడు. "పెద్దమ్మ ప్రాణంరా! కూర్చోకు!"

నూకాలు ఊపిరి ఇంకా ఎగిరింది. జోగులు కళ్ళమ్మట నీళ్ళు. "నిలబడ్డా తగ్గట్లేదేంట్రా! ఇంకేమన్నాడు? గుర్తు తెచ్చుకోండి!"

బంగారయ్య తన జన్మలో మొదటిసారిగా, ఒకే విషయాన్ని రెండోసారి ఆలోచించాడు. "పట్టుకుని కూర్చోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాడు."

"వేటిని?"

"మాత్రల్నే! మాట్లాడింది వాటి గురించేగా!"

ఇంకేముంది! "పెద్దమ్మా, భయపడకు, వెంటనే తీసుకెళ్తున్నాం," అని ఆవిడకి దుప్పటి కప్పి, పక్కింటి చిట్టెమ్మని చూస్తూ ఉండమని, మాత్రల సీసా తీసుకుని ముగ్గురూ ఆటో ఎక్కారు. కుదుపులకి మాత్రలు అదురుతాయని జోగులు సీసాని ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడుగునా, "తొందరగా పోనీ, ప్రాణం మీదికొచ్చింది," అని ఆటోవాణ్ణి తొందరపెట్టాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరుగున వచ్చింది. "పేషెంటేరి?"

జోగులు సీసా బల్ల మీద పడుకోబెట్టాడు.

ఆవిడ సీసా వంక చూసింది. వీళ్ళ వంక చూసింది. "ఆయాసం ఎవరికి?"

"మా పెద్దమ్మకండి."

"ఆవిడెక్కడ?"

"ఇంట్లో మంచం మీద ఉందండి. పెదాలు నల్లబడ్డాయి. ఆవిణ్ణి తెమ్మని డాక్టరు చెప్పలేదండి."

డాక్టరమ్మ ఊరిపేరు అడిగి రాసుకుంది. ఫోనందుకుంది. గంటలో అంబులెన్సు నూకాలుని తెచ్చింది. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు, చేతికి సెలైనెక్కించారు. ఛాతీకి ఫొటో తియ్యాలంటే, "నవ్వు పెద్దమ్మా, ఫొటో!" అని పెంటయ్య దువ్వెన పట్టుకుని లోపలికి పోబోయాడు. బయటికి నెట్టారు.

డాక్టరమ్మ ఆ ఫొటోని వెలుగుకి పట్టి చూపించింది. "ఇదిగో, ఈ తెల్లగా కమ్మేసిందంతా న్యుమోనియా. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదు. దీనికి తీపి మాత్రలు చాలవయ్యా. ఇంజెక్షన్లు పడాలి, ఆక్సిజన్ పెట్టాలి. మీ డాక్టరు మనిషిని తీసుకురమ్మన్నాడు, మాత్రల్ని కాదు."

జోగులు తలపాగా విప్పి, ఆ గుడ్డలో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఊరికే చూడలేక బంగారయ్య ఏడ్చాడు. "అదీ మాట" అనబోయి పెంటయ్యా ఏడ్చాడు.

మూడోనాడు నూకాలు కళ్ళు తెరిచింది. "మేకకి గడ్డేశారా?" అంది. ఆ ఒక్కమాటకి ముగ్గురూ వార్డు అదిరిపోయేలా గంతులేస్తే నర్సమ్మ తరిమింది. తొమ్మిదోనాడు ఇంటికి పంపిస్తూ డాక్టరమ్మ మందులన్నీ ఒక్కొక్కటే వేలితో చూపించి, ఏది నోట్లో వెయ్యాలో, ఎవరి నోట్లో వెయ్యాలో, ఎన్ని నీళ్ళతో మింగించాలో మూడేసిసార్లు చెప్పింది. పెంటయ్య నోట కోడి సంగతి విని ఉంది గనక, మింగేది కోడి కాకూడదని కూడా చెప్పింది. ముగ్గురిచేతా ఒప్పజెప్పించింది. ఒక్క తప్పు లేదు. అప్పటికి ఆవిడ మనసు కుదుటపడి, చివరికి నవ్వుతూ ఓ మాట అంది.

"ఇంక పదిరోజులు ఆవిణ్ణి కంటికి రెప్పలా చూసుకోండి."

ఇంటికొచ్చిన నాలుగోనాడు ఆశా కార్యకర్త మాణిక్యం, నూకాలు ఎలా ఉందో చూసి పోదామని వచ్చింది. నడింట్లో మంచం మీద నూకాలు బాగానే ఉంది. మొహంలో కళ వచ్చింది. తలవైపు జోగులు, కాళ్ళవైపు బంగారయ్య ఒక దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. టప్పున ఆవిడ మీద మూస్తున్నారు. టప్పున తీస్తున్నారు. మళ్ళీ టప్పున మూస్తున్నారు. నాలుగు రోజులుగా ఇదే పని. చేతులు వాచిపోయాయి.

"ఏంట్రా ఇది!" అంది మాణిక్యం.

"రెప్పమ్మా, రెప్ప! డాక్టరమ్మ చెప్పింది," అన్నాడు జోగులు రొప్పుతూ. "నిద్రపోయేటప్పుడు మూసే ఉంచుతాం. మెలకువగా ఉన్నప్పుడు కొడుతూ ఉండాలి గదా!"

"హాయిగా గాలేస్తోందే," అంది నూకాలు దుప్పటి కిందనుంచి.

మాణిక్యం నవ్వాపుకోలేక తలుపు పట్టుకుంది. బంగారయ్య మాత్రం నవ్వలేదు. దుప్పటి చివర వదలకుండానే మాణిక్యాన్ని కిందనుంచి పైదాకా ఓసారి చూశాడు.

"అన్నయ్యా, నాలుగు రోజులుగా నన్నొకటి పీకుతోంది. మనం ఒక్క రెప్పే గదా కొడుతున్నాం? ఒక్క రెప్ప కొడితే కన్నుకొట్టినట్టు కాదూ? పెంచిన తల్లికి కన్నుకొట్టడం మర్యాదేనా?"

జోగులు గతుక్కుమన్నాడు. నాలుగు రోజులుగా ఎంత అపచారం చేశాం!

"అదీ మాట!" అన్నాడు పెంటయ్య. అని, గబగబా రెండో మంచం తెచ్చి నూకాలు మంచం పక్కన వాల్చాడు. ఇంకో దుప్పటి దులిపాడు. అన్నలిద్దరూ మాణిక్యాన్ని చెరో రెక్కా పట్టుకున్నారు.

"నాకేం జబ్బు లేదురా! వదలండ్రా!" అని మాణిక్యం లబోదిబోమంటోంది.

"నీ జబ్బుతో మాకు పనిలేదమ్మా, బుద్ధిగా పడుకో," అన్నాడు జోగులు ఆవిడ కాళ్ళు మంచం మీదికి సర్దుతూ. "నువ్వు రెండో కన్నువి."