మెత్తడుగుల నరసింహస్వామి దిగిన బండ

తాటిమాను కొండకు నడకదారిన వచ్చే భక్తులకు సగం ఎత్తులో ఒక నల్లని బండ కనిపిస్తుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా అది వెన్నముద్దలా చల్లగా ఉంటుంది. దానిమీద పెరుగు తోడుపెడితే వారమైనా పులవదని పెద్దలు చెబుతారు, మేమూ కాదనము. బండ నడుమ సగం కోడిగుడ్డు బోర్లించినట్టు చిన్న బొడిపె ఉంది. కాలివేళ్ళ మొదళ్ళ కింది మెత్తటి భాగాన్ని ముంగాలు అంటారు కదా, దానికి కాస్త వెనుకగా, పాదం గుంటలోకి ఆ బొడిపె వచ్చేటట్టు నిలిచి, భక్తులు స్వామిని తలచుకొని పైకి సాగుతారు. కొండపైన వెలసిన దేవుడు మెత్తడుగుల నరసింహస్వామి. ఆయనకు ఆ పేరు ఒక బోయీ కాలినొప్పి వల్ల వచ్చింది.

పూర్వం ఇక్కడ ఓబయ్య అనే బోయీ స్వామి పల్లకి ముందు దండెను మోసేవాడు. అతడిది సామాన్యమైన భుజమా! ఏనుగు వచ్చి ఒరుసుకుంటే ఏనుగు చర్మమే గీరుకుపోయేదట. స్వామికి కుదుపు తగలరాదని ఆ వంశంవారు తాతలనాటి నుంచి మడమ నేలకు ఆనించకుండా, ముంగాళ్ళ మీదనే కొండ ఎక్కేవారు. అదే వారి విద్య, అదే వారి గర్వం.

అలా నడిచి నడిచి ఓబయ్యకు కుడి ముంగాలిలో నొప్పి పుట్టింది. అడుగు వేస్తే నిప్పుకణిక తొక్కినట్టు, తీస్తే గులకరాయి ఇరుక్కున్నట్టు! ఎవరికీ చెప్పకుండా పాతగుడ్డ మడిచి సరిగ్గా నొప్పి ఉన్నచోటనే కట్టుకొన్నాడు. నొప్పి రెట్టింపైంది. వెనుక దండె మోసే బావమరిది నరసప్ప చూసి ఊరుకుంటాడా?

"ఏం బావా, స్వామిని మోస్తున్నావా, దారిలో పల్లేరుకాయలు ఏరుతున్నావా?"

"నోర్మూసుకొని నడువు. నీ భుజం నా భుజమంత అయ్యాక మాట్లాడుదువులే."

ఆ మాట నోట ఉండగానే పల్లకి ఒరిగింది. స్వామి కిరీటం పక్కకు జారింది. అర్చకులు సింగరాచార్యులవారు కిరీటం సరిదిద్ది, "ఓబయ్యా, నీమీద కోపం లేదు నాయనా. ఎల్లుండి కల్యాణోత్సవానికి మాత్రం ముందు దండె నరసప్పకు ఇవ్వు" అన్నారు. ఒకసారి చేజారిన దండె మళ్ళీ ఆ ఇంటికి రాదు. తరతరాల సేవ తనతో తెగిపోనున్నదని ఓబయ్యకు అర్థమైంది.

ఈ బండమీదనే కూలబడి ఏడ్చాడు. ఆ కన్నీటికి కింది వాగు పొంగి రెండూళ్ళ పొలాలు తడిశాయని ప్రతీతి. ఏడ్చి ఏడ్చి పట్టపగలే కునుకు తీశాడు. కలలో స్వామి జూలు విదిలించుకుంటూ వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

"ఓరి ఓబా, నొప్పిమీదనే ఎత్తు పెడితే తగ్గుతుందట్రా? దాని వెనుక, గుంటలో పెట్టు. బరువు అక్కడ ఆగుతుంది. పాదమంతా ఆనించి నడువు. సగం దారిలో నన్ను దించి కాళ్ళు చల్లబరచుకో."

"నడిదారిలో నిన్ను దించడం అపచారం కాదా స్వామీ?"

"కింద పడేస్తే కాదూ?"

మెలకువ వచ్చేసరికి పాదం కింద బండ ఉబ్బి ఉంది. ఓబయ్య దానిమీద నిలబడ్డాడు. నొప్పి మెల్లగా సద్దుమణిగింది. తలగుడ్డ అంచు చింపి, బండ ఉబ్బు ఆనిన పాదం గుంటలోనే ఒత్తుగా కట్టుకొని, ఆచార్యులవారికి కల విన్నవించాడు. "ఒక్కసారి మోయనివ్వండి. పల్లకి ఊగితే నా చేతులతోనే దండె నరసప్ప భుజాన పెడతాను" అన్నాడు. ఆచార్యులవారు సరేనన్నారు.

కల్యాణం నాడు సగం కొండ ఎక్కగానే ఓబయ్య "దించండి" అన్నాడు. జనం గగ్గోలు పెట్టారు. ఆచార్యులవారు చేయెత్తి వారించారు. పల్లకి బండను తాకిందో లేదో, పక్కనుంచి చన్నీటి ఊట తాటిచెట్టంత ఎత్తు చిమ్మింది! బోయీలు కాళ్ళు తడుపుకొని సేదతీరి, పాదమంతా ఆనించి సాగారు. ఆ నడక ఎంత మెత్తనిదంటే, కిరీటంపై వాలిన సీతాకోకచిలుక గుడి చేరేదాకా నిద్ర లేవలేదు. దండె ఓబయ్య భుజాననే నిలిచింది. నరసప్ప మాత్రం వంగి చెవిలో, "బావా, ఆ గుడ్డ నాకూ ఒకటి మడిచిపెట్టు. ఏడాదిగా నా కాలూ మండిపోతోంది" అన్నాడట.

నేటికీ ఉత్సవాలలో స్వామి ఈ బండమీద దిగుతాడు. బోయీలు ఊటలో కాళ్ళు పెట్టి కూర్చుంటారు. నైవేద్యం ముందు వారికే పెడతారు. నిలబడి పనిచేసేవారు, నడకమీద బతికేవారు ఇక్కడ గుడ్డ ఒత్తు కట్టుకొని, విశ్రాంతిగా మెట్లెక్కితే పాదాల బాధ తీరుతుందని భక్తుల నమ్మకం. ముహూర్తం మించిపోతోందని ఎవరైనా తొందరపెడితే, బోయీలు నీళ్ళలోంచి కాళ్ళు తీయకుండానే పల్లకివైపు చూపించి, "ఆయనే కూర్చున్నాడు, నువ్వూ కూర్చో నాయనా" అంటారు.