విభూతి పాడుచేసిన మూల

ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పే అలవాటు అచలానంద స్వామికి లేదు. ముందు ఏదో ఒక పని చెబుతారు. ఆ పని ముగించుకొచ్చేసరికి కొందరికి ప్రశ్నే గుర్తుండదు, గుర్తున్నవాళ్లకు మళ్ళీ అడిగే ఓపిక ఉండదు. గోస్తనీ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో ఎవరైనా ఉన్నట్టుండి పార పట్టుకుని మొక్కలకు పాదులు చేస్తూ కనిపిస్తే, పాపం, స్వామిని ఏదో పెద్ద సందేహమే అడిగి ఉంటాడని మిగతావాళ్లు నవ్వుకునేవారు.

విశ్వపతి అడిగిన సందేహం నిజంగానే పెద్దది. "స్వామీ, మా అన్నను రోజూ క్షమిస్తున్నాను. అయినా రోజూ ఎందుకు మండుతోంది?" అన్నాడు.

తండ్రి పోయిన పన్నెండోరోజున, భోజనాల దగ్గర, నలుగురూ వింటుండగా అన్న భీమశంకరం అతన్ని ఒక మాట అన్నాడు. "చుట్టపుచూపుగా వచ్చావు, విస్తరి ముందు కూర్చో. పెత్తనం చేయకు." అంతే. ఉద్యోగం చాలించుకుని ఆశ్రమానికి వచ్చి చేరినా ఆ మాట విశ్వపతిని వదల్లేదు. దాన్ని ఎలాగైనా కడిగేసుకోవాలని అతను ఒక నియమం పెట్టుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, పద్మాసనం వేసి, ఆ విస్తళ్ల వరసను, అన్న ముఖాన్ని, ఆ మాటను, పక్కనే నవ్వు దాచుకున్న బావగారిని, ఒక్కటీ వదలకుండా కళ్లముందుకు తెచ్చుకునేవాడు. అంతా వచ్చాక "క్షమించాను" అనుకునేవాడు. లేచేసరికి చెవులు ఎర్రబడి ఉండేవి. ఇప్పుడా అన్నే వ్యాసపూర్ణిమకు ఆశ్రమానికి వస్తున్నానని ఫోను చేశాడు. ఎదురుపడగానే తన నోటివెంట ఏం వస్తుందోనని విశ్వపతికి ఒకటే గుబులు. ఒక్క మాట తూలితే చాలు, ఉన్న ఒక్క తోడబుట్టినవాడూ ఇక ఈ జన్మకు గడప తొక్కడు. అన్నం సయించడం లేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలవడం లేదు.

స్వామి అంతా విని, "పూర్ణిమకు ఇంకా వ్యవధి ఉంది కదా. ముందు విభూతి సంగతి చూడు" అన్నారు.

విభూతి ఆశ్రమంలో పిల్లి. బూడిద రంగుది కాబట్టి ఆ పేరు. వయసులో ఉన్నప్పుడు పెరడంతా దానిదే. ముసలిదయ్యాక వీధికుక్కలకు జడిసి గడప దాటడం మానేసింది. దాని అవసరాలకని వరండా చివర ఒక రేకు పళ్ళెంలో ఇసుక పోసి పెట్టారు. అది చాలా మర్యాదగా అక్కడికే వెళ్లి, పని కానిచ్చి, ఇసుక కప్పి వచ్చేది. అలాంటిది కొన్నాళ్లుగా పాఠం చెప్పుకునే హాలులో, పుస్తకాల బీరువా పక్క మూలలో మూత్రం పోయడం మొదలుపెట్టింది. హాలు శుభ్రం చేసే వంతు విశ్వపతిది. అసలే అన్న తలనొప్పి, ఇప్పుడు దీనికి తోడు పిల్లి. పైగా పూర్ణిమనాడు అతిథులు కూర్చోవలసింది ఆ హాలులోనే.

"దాన్ని ఏమీ అనకు. ఒక్కరోజు దాని వెనకాల తిరుగు" అని స్వామి ఆజ్ఞ.

పిల్లి వెనకాల తిరగడం అంటే ఎక్కువగా నిద్రపోతున్న పిల్లి పక్కన కూర్చోవడమే. విశ్వపతి కాలుగాలిన వాడిలా లేస్తూ, కూర్చుంటూ, అన్నకు చెప్పబోయే సమాధానాలు లోపల వల్లించుకుంటూ పొద్దు గడిపాడు. మధ్యాహ్నం దాటాక విభూతి లేచి ఒళ్లు విరుచుకుని వరండాలోకి నడిచింది. ఇసుక చిందుతోందని ఈ మధ్యే విశ్వపతి రేకు పళ్ళెం తీసేసి, దాని స్థానంలో ఎత్తు అంచుల ప్లాస్టిక్ తొట్టి పెట్టాడు. పిల్లి ముందుకాళ్లు అంచు మీద వేసింది. వెనకకాళ్లు లేపబోయింది. లేవలేదు. నడుము వణికి పక్కకు ఒరిగిపోయింది. కాసేపు అలాగే నిలబడి, చేసేది లేక, మెల్లగా హాలులోకి నడిచి మూలకు చేరింది.

విశ్వపతికి జాలి వేసింది. తనమీద తనకు సిగ్గూ వేసింది. మర్నాడు దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు పరీక్ష చేసి, మూత్రంలో దోషమేమీ లేదని, కీళ్లు బిగుసుకున్నాయని చెప్పి మందు రాసిచ్చాడు. తిరిగి రాగానే పాత రేకు పళ్ళెం వెతికి తెచ్చి, కొత్త ఇసుక పోసి, యథాస్థానంలో పెట్టాడు. విభూతి చక్కగా అందులోకి దిగింది. గండం గడిచిందనుకుని విశ్వపతి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

సాయంత్రానికి మూల మళ్ళీ తడి.

అక్కడితో అతని ఓర్పు తెగిపోయింది. అంత సేవ చేస్తే ఇదా ఫలితం? చేతిలో ఉన్న చీపురు విసిరాడు. పిల్లికి తగల్లేదు గాని, అది బెదిరి పరిగెత్తబోయి, నాపరాళ్ల మీద కాళ్లు జారి, పొట్ట ఈడ్చుకుంటూ బీరువా కింద దూరింది. నిన్నటిదాకా అతని ఒళ్లో పడుకున్న పిల్లి అది. కింద చీకట్లోంచి అతనికేసి అపరిచితుణ్ణి చూసినట్టు చూసింది.

వంట చేసే అప్పలనరసమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. "ఏటి బాబూ, ముసిల్దాని మీదా నీ పెతాపం? అది కావాలని సేస్తాదేటి?" అంది.

"కావాలనే చేస్తోంది. పళ్ళెం ఎక్కగలదు, అయినా ఇక్కడికే వస్తోంది. దీన్ని చేపల బజారులో వదిలేసి వస్తాను" అంటూ విశ్వపతి బుట్ట అందుకున్నాడు. అనేసిన మరుక్షణమే, అచ్చం అన్న గొంతుతో మాట్లాడుతున్నట్టు తోచి అతనికి ఒళ్లు జలదరించింది. అయినా బుట్ట దింపలేదు.

అప్పటికే స్వామి వచ్చి హాలులో చాప మీద కూర్చున్నారు. "వదిలేద్దువుగాని. ముందు ఆ మూలను రోజూ ఎలా శుద్ధి చేస్తున్నావో చెప్పు" అన్నారు.

శుద్ధి విషయంలో విశ్వపతికి వంకపెట్టగలవాడు లేడు. నీళ్లతో కడుగుతాడు. తుడుస్తాడు. పాఠం జరిగే చోటు కదా, మైల ఉండకూడదని ఆఖరున గోశాల నుంచి చెంబుతో గోపంచితం తెచ్చి, అంటే ఆవు మూత్రమే, మంత్రం చదువుతూ ఆ మూలంతా చిలకరిస్తాడు. పిల్లి పాడుచేసిన ప్రతిసారీ చిలకరిస్తాడు. పాడుచేయకపోయినా పొద్దునా సాయంత్రం చిలకరిస్తాడు. ఇదంతా కొంచెం గర్వంగానే చెప్పాడు.

"పిల్లి ఎత్తుకు వంగి ఒకసారి ఆ చోటు వాసన చూడు."

విశ్వపతి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోచేతులు ఆనించి, ముక్కు నాపరాళ్ల సందుకు దగ్గరగా పెట్టాడు. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం వాసన?"

"గోపంచితం స్వామీ."

"ఆవుదని నీకు తెలుసు. దానికేం తెలుసు?"

విశ్వపతి లేవలేదు. పిల్లి కాళ్ల నొప్పితో ఒకటి రెండుసార్లు దారితప్పి వచ్చి ఉంటుంది. ఆ తర్వాత రోజుకు రెండుపూటలా, మంత్రంతో సహా, ఇదే నీ చోటు అని దానికి చెబుతూ వచ్చింది ఎవరో అతనికి అర్థమైంది. చేయి చాచి బీరువా కింద పెట్టాడు. విభూతి రాలేదు. రానందుకు కోపం రాలేదు గాని, ఏడుపు వచ్చినంత పనైంది.

ఆ రోజే నీళ్లు మరగబెట్టి, కుంకుడురసం పోసి, రాళ్ల సందులన్నీ బ్రష్షుతో తోమి, కిటికీలు తెరిచి ఆరబెట్టాడు. చిలకరించడం మానేశాడు. మానడమే కష్టమైంది. పూట గడిచిన ప్రతిసారీ కాళ్లు వాటంతటవే గోశాలకేసి లాగేవి, చెంబు కోసం చేతులు వెతుక్కునేవి. ఏదో చేయకుండా ఊరుకోవడమంటే తప్పు చేస్తున్నట్టే అనిపించేది. విభూతి మాత్రం ఒకటి రెండుసార్లు ఆ మూలకు వచ్చి, వాసన చూసి, ఏమీ తోచనట్టు నిలబడి, తిరిగి వరండాకేసి వెళ్లిపోయింది. తర్వాత అటు రావడమే మానేసింది.

పూర్ణిమ వచ్చింది. హాలంతా చాపలు పరిచారు. అలవాటు ప్రకారం విశ్వపతి పొద్దున్నే అన్నను మరోసారి క్షమించి లేచాడు. ఈసారి ఇంకా శ్రద్ధగా, ఇంకా వివరంగా. అతిథులు వచ్చే వేళకు ఎక్కడా నిలవలేక, తిరిగి తిరిగి ఆ మూలకు వచ్చి ఆగాడు. పొడిగా ఉంది. శుభ్రంగా ఉంది. అయినా పెద్దలు కూర్చునే చోటు, ఒక్కసారి చిలకరిస్తే తన మనసు కుదుటపడుతుంది కదా అనుకున్నాడు. ఎప్పుడు తెచ్చాడో, చెంబు చేతిలోనే ఉంది. వేళ్లు తడిపాడు.

గేటు దగ్గర ఆటో ఆగింది. "ఏరా విశ్వం, ఎక్కడున్నావురా?" అని భీమశంకరం గొంతు వినిపించింది. ఆ గొంతు వినగానే విస్తళ్ల వరస మొత్తం కళ్లముందు నిలబడింది. వల్లించుకున్న సమాధానాలన్నీ విశ్వపతి నోటిదాకా వచ్చాయి.

పక్కనుంచి ఒక చేయి వచ్చి చెంబు అందుకుంది.

"అది మరిచిపోయిందయ్యా," అన్నారు స్వామి. "నువ్వు మళ్ళీ గుర్తుచేయకు."